పెయ్య వచ్చిన ఓడ పేరు రాశారు, ఎలిజబెత్ పుట్టిల్లు రాయలేదు

(గత ఆదివారం గ్రంథాలయ సమావేశంలో, పాత కాగితాల్లో ఇంటి ఆడవాళ్ల పుట్టింటి పేర్లు వెతకడం గురించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంత వానలోనూ వచ్చారు, సంతోషం. వెనక కూర్చున్నవారికి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యి ఎత్తండి, నేనే గొంతు పెంచుతాను. మైకు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ.

ఒక పెయ్య పేరుతో మొదలుపెడతాను. పెయ్య అంటే పెయ్యే, నవ్వకండి. ఆవు పెయ్య. దాని పేరు రాగ్‌హార్న్. 1627 మే నెలలో, ఇప్పటి మసాచుసెట్స్ తీరంలోని ప్లిమత్ అనే చిన్న వలస ఊళ్లో పశువుల పంపకం జరిగింది. పంపకానికి లెక్కకొచ్చినవాళ్లు 156 మంది. పన్నెండు జట్లు, జట్టుకు పదమూడు మంది. చీట్లు వేశారు. నాలుగో చీటీ జాన్ హౌలాండ్ జట్టుకు పడింది. ఆ జాబితా ఈనాటికీ ఉంది. అందులో వరసగా ఏం రాశారో వినండి. జాన్ హౌలాండ్, అతని భార్య ఎలిజబెత్ హౌలాండ్, చిన్న జాన్, డిజైర్, తర్వాత ఇంకో తొమ్మిది మంది. ఈ జట్టుకు వచ్చిన పశువుల్లో జేకబ్ అనే ఓడ మీద వచ్చిన నాలుగు పెయ్యల్లో ఒకటి, రాగ్‌హార్న్ అనేది.

గమనించారా? పెయ్యకు పేరుంది. అది ఏ ఓడలో వచ్చిందో కూడా ఉంది. ఎలిజబెత్ ఏ ఓడలో వచ్చింది? ఎవరి కూతురు? ఏ ఊరు? రాయలేదు. రాయలేదని ఆ గుమాస్తాను తిట్టనక్కర్లేదు. ఆ రోజు ఆయన పని పశువుల లెక్క, అంతే. పైగా ఊళ్లో అందరికీ ఆమె ఎవరో తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ రాయరు, అక్కడే వస్తుంది చిక్కు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతారు. కాగితం మిగులుతుంది. కాగితం మీద ఆ సంగతి ఉండదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ నాన్నగారి నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు తెలిసినవారు చేతులు ఎత్తండి. నాయనమ్మ కాదండీ, నాన్నగారి నాయనమ్మ. నాలుగు. ఇంత హాల్లో నాలుగు చేతులు. సరే, దించండి, మళ్లీ వద్దాం.

ఈ ఎలిజబెత్ కథ నేను ఎందుకు ఎంచుకున్నానంటే, ఆమె గొప్ప పనులు చేసినందుకు కాదు. అమెరికాలో ఈమెను తమ వంశానికి మూలపుటమ్మగా చెప్పుకునేవాళ్లు కోకొల్లలు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆమె వంశం వాడే. బుష్‌లు ఇద్దరు అధ్యక్షులూ అంతే. సినిమా నటుడు హంఫ్రీ బోగార్ట్ కూడా. ఇంతమంది మనవలు ఉండి, చాలా ఏళ్లపాటు ఆమె తండ్రి పేరు తప్పు చెప్పుకున్నారు. తల్లి పేరైతే ఇరవయ్యో శతాబ్దం చివరి పాదం దాకా తప్పే. అదీ నాకు ఆసక్తి కలిగించిన సంగతి.

తప్పు ఎక్కడ మొదలైందో చూద్దాం. ప్లిమత్‌లో బరియల్ హిల్ అని ఒక గుట్ట ఉంది, శ్మశానం గుట్ట. పందొమ్మిదో శతాబ్దంలో వంశీకులు అక్కడ జాన్ హౌలాండ్‌కు రాయి నిలబెట్టారు. దాని మీద అతని భార్య ఎలిజబెత్, గవర్నర్ జాన్ కార్వర్ కూతురు అని చెక్కించారు. కార్వర్ ఆ వలసకు మొదటి గవర్నర్. గవర్నర్ గారి అల్లుడు మా తాత అంటే ఎంత బాగుంటుంది! ఎవరికి చేదు చెప్పండి? మన వైపు మాత్రం తక్కువా? ప్రతి వంశవృక్షంలోనూ ఒక దివాన్ గారో, ఒక ఆస్థాన పండితుడో ఉంటాడు. కూలికి పోయిన ముత్తాత ఒక్కడూ కనబడడు.

అయితే కార్వర్ దంపతులకు సంతానం మిగల్లేదు. మరి ఈ మాట ఎలా పుట్టింది? దానికి ఓడ దగ్గరికి వెళ్లాలి.

ఈ వలసవాళ్లను తెచ్చిన మేఫ్లవర్ ఓడ 1620 సెప్టెంబరు 6న ఇంగ్లండులోని ప్లిమత్ రేవు విడిచింది. 102 మంది ప్రయాణికులు. నవంబరు 9న అమెరికాలోని కేప్ కాడ్ తీరం కంటబడింది. ఆ ప్రయాణంలో జాన్ హౌలాండ్ అనే యువకుడు తుపానులో సముద్రంలో పడిపోయాడు. ఓడ పక్కన వేలాడుతున్న తెరచాప తాడు చేతికి దొరికింది. నీళ్లలో బాగా లోతుకు పోయినా తాడు వదల్లేదు, పైకి లాగారు. ఈ సంగతి రాసినవాడు ఆ ఓడలోనే ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్, తర్వాత గవర్నర్ అయినాయన. హౌలాండ్ ఎవరి మనిషి? కార్వర్ గారి దగ్గర పనివాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

అదే ఓడలో పదమూడేళ్ల ఎలిజబెత్ ఉంది, తల్లిదండ్రులతో. దిగినవాళ్లలో సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు. పెళ్లయిన ఆడవాళ్లు ఓడలో 18 మంది ఉంటే, ఏడాది తిరిగేసరికి మిగిలింది నలుగురు. నలుగురంటే నలుగురే. పిల్లల్ని బతికించి తల్లులు పోయారు. ఎలిజబెత్ తల్లీ తండ్రీ పోయారు, పినతండ్రీ ఆయన భార్యా పోయారు. కొత్త దేశంలో ఒంటరి పిల్ల. ఆ పిల్లను కార్వర్ ఇంటివాళ్లు చేరదీసి ఉంటారని పరిశోధకుల ఊహ. తర్వాతి వసంతంలో కార్వర్ పొలం నుంచి తలనొప్పితో వచ్చి పడుకుని మళ్లీ లేవలేదు. కొన్ని వారాలకు భార్య కూడా పోయింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల, ఆ ఇంటి పనివాడిని చేసుకుంది. రెండు తరాలు గడిచాక "కార్వర్ ఇంటి పిల్ల" కాస్తా "కార్వర్ కూతురు" అయి ఉంటుంది. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఒక్క మాట జారింది, అంతే.

మరి పెళ్లి రికార్డు చూస్తే తేలిపోదా అంటారు. చూడటానికి ఉంటేగా! ఈ వలసవాళ్ల లెక్కలో పెళ్లి మతకార్యం కాదు. అది పౌర వ్యవహారం, అధికారి ముందు జరిగేది. 1621 మేలో ఎడ్వర్డ్ విన్‌స్లో, సుసానా వైట్‌ల పెళ్లి, అక్కడి మొదటి పెళ్లి, అలాగే జరిగింది. చర్చి రిజిస్టరులో వధువు తండ్రి పేరు వెతుకుదామంటే ఆ రిజిస్టరే లేదు. మనకు ఉన్నదల్లా ఆ 1627 జాబితా. అప్పటికి ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి పెళ్లి అంతకు కొన్నేళ్ల ముందు జరిగిందని అర్థమవుతుంది. చూశారా, పశువుల లెక్క పెళ్లి సాక్ష్యం అయింది.

ఇక్కడ ఒక పక్క మాట. మొదటి కూతురికి డిజైర్ అని పేరు పెట్టారు. కార్వర్ ఇంట్లో డిజైర్ మింటర్ అని ఒక అమ్మాయి ఉండేది, తర్వాత ఇంగ్లండు వెళ్లిపోయింది. ఆమె పేరే పెట్టుకున్నారని చాలామంది నమ్మకం. పుట్టినవాళ్లకు ఎవరి పేరు పెట్టారో చూస్తే ఇంట్లో ఎవరి మీద ప్రేమ ఉందో తెలుస్తుంది. రుజువు కాదు. కానీ ఏ తలుపు తట్టాలో చెబుతుంది.

సరే, అసలు తండ్రి ఎవరు? దీనికి జవాబు ఒక రాతప్రతిలో ఉంది, ఆ రాతప్రతేమో కనబడకుండా పోయింది. బ్రాడ్‌ఫర్డ్ తన వలస చరిత్ర అంతా రాసి, చివర మేఫ్లవర్‌లో ఎవరు వచ్చారు, వాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత ఏమయ్యారు అని జాబితా వేశాడు. ఆ ప్రతి బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ చర్చి గోపురంలో ఒక గ్రంథ సంచయంలో ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో మాయమైంది. ఏళ్ల తరబడి అది పోయిందనే అనుకున్నారు. ఇంగ్లండులో బిషప్ విల్బర్‌ఫోర్స్ అమెరికా చర్చి గురించి రాసిన చరిత్రలో, ఫుల్‌హామ్‌లోని ఒక రాతప్రతి నుంచి కొన్ని వాక్యాలు ఎత్తి రాశాడు. అవి చదివిన ఒక అమెరికన్‌కు అనుమానం వచ్చింది, ఇవి బ్రాడ్‌ఫర్డ్ వాక్యాల్లా ఉన్నాయే అని. 1855లో తేలింది. లండన్ బిషప్ గారి ఫుల్‌హామ్ ప్యాలెస్ గ్రంథాలయంలో నిక్షేపంగా ఉంది! 1856లో అచ్చు వేశారు. అసలు ప్రతి 1897లో బోస్టన్ చేరింది.

అందులో మన ఎలిజబెత్ ఉంది. జాన్ టిల్లీ, అతని భార్య, కూతురు ఎలిజబెత్ అని ఒకచోట. జాన్ హౌలాండ్, జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరూ బతికే ఉన్నారు, పదిమంది పిల్లలు, పదిమందీ ఉన్నారు అని ఇంకోచోట. రాసింది పక్కింటి మనిషి లాంటివాడు, రోజూ చూసినవాడు. ఇంకేం కావాలి? రాయి మీద చెక్కిన మాట ఓడిపోయింది. ఇప్పుడు గుట్ట మీద ఉన్న రాతి మీద "జాన్ టిల్లీ కూతురు" అని ఉంటుంది.

ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మేఫ్లవర్ వాళ్లు దిగిన చోటు ఖాళీ నేల కాదు. అది పటక్సెట్ అనే ఊరు, అక్కడి మూలవాసులైన వాంపనోగ్ జాతివాళ్లది. 1616 నుంచి మూడేళ్ల పాటు వచ్చిన మహమ్మారి ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఆ ఊరి మనిషి టిస్క్వాంటమ్ పేరు చరిత్రలో మిగిలింది. ఆ ఊరి తల్లుల పేర్లు ఏ బిషప్ గారి గ్రంథాలయంలోనూ దొరకవు. తొలి అమెరికన్ స్త్రీ అనే మాట అన్నప్పుడల్లా నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

తండ్రి దొరికాడు. తల్లి? బ్రాడ్‌ఫర్డ్ "అతని భార్య" అని ఊరుకున్నాడు. చూడండి, మళ్లీ అదే. దాంతో ఎవరో, ఈ వలసవాళ్లలో చాలామంది అంతకు ముందు ఉండి వచ్చిన హాలండులో ఒక పెళ్లి నమోదు చూసి, బ్రిజిట్ వాన్ డెర్ వెల్డె అనే డచ్చి స్త్రీని తల్లి స్థానంలో కూర్చోబెట్టారు. పేరు కలిసింది కదా, చాలు! ఇప్పటికీ ఆ పేరు కొన్ని వంశవృక్షాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి వంశవృక్షంలో ఎక్కిన మనిషిని దించడం మహా కష్టం.

అసలు తల్లి ఎలా దొరికింది? ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది, కాస్త నెమ్మదిగా చెబుతాను. టిల్లీ అనే పేరు పట్టుకుని ఇంగ్లండంతా తిరిగితే పని జరగదు. పక్కవాళ్లను పట్టుకోవాలి. ఎలిజబెత్ పినతండ్రి ఎడ్వర్డ్ టిల్లీ, ఆయన భార్య ఆన్. వాళ్ల వెంట ఓడలో ఇద్దరు చిన్నవాళ్లు వచ్చారు, హెన్రీ శామ్సన్, హ్యుమిలిటీ కూపర్. బ్రాడ్‌ఫర్డ్ వాళ్లను "కజిన్లు" అన్నాడు. మనం ఈ రోజు ఆ మాట వింటే ఏమనుకుంటాం? పెదనాన్న పిల్లలో, మేనమామ పిల్లలో అనుకుంటాం. ఆ కాలపు ఇంగ్లీషులో అన్న బిడ్డను, అక్క బిడ్డను కూడా అదే మాటతో పిలిచేవారు. తేలిందేమిటంటే, హెన్రీ ఆన్‌కు అక్కచెల్లెళ్లలో ఒకరి కొడుకు. హ్యుమిలిటీ ఆమెకు మేనకోడలు. మన భాషలో అయితే ఈ తంటా వచ్చేదే కాదు. మేనకోడలంటే మేనకోడలే.

ఈ ముగ్గురు పక్కవాళ్ల పేర్లూ, టిల్లీ పేరూ ఒకే చోట ఎక్కడ కలుస్తాయి? బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హెన్లో అనే పల్లెటూరు. అక్కడి చర్చి రిజిస్టరులో హెన్రీ శామ్సన్ బాప్టిజం ఉంది. ఎడ్వర్డ్ టిల్లీకీ ఆన్ కూపర్‌కూ 1614లో పెళ్లయినట్టు ఉంది. అదే రిజిస్టరులో జాన్ టిల్లీకీ జోన్ హర్స్ట్‌కూ 1596 సెప్టెంబరు 20న పెళ్లి. 1607 ఆగస్టు 30న వాళ్ల కూతురు ఎలిజబెత్‌కు బాప్టిజం. రాబర్ట్ లీ వార్డ్ అనే పరిశోధకుడు 1976లో ఇది ప్రకటించాడు. ఒక్కరి కోసం వెతికితే ఏడుగురు మేఫ్లవర్ ప్రయాణికుల వేర్లు బయటపడ్డాయి. తల్లి పేరు జోన్ హర్స్ట్. డచ్చి కాదు, బ్రిజిట్ కాదు. అదే ఊరి పిల్ల.

ఇక్కడ కూడా ఒక గుంట ఉంది, చాలామంది పడతారు. జోన్ హర్స్ట్‌కు జాన్ టిల్లీ రెండో భర్త. మొదటి భర్త థామస్ రోజర్స్, పోయాడు, ఒక కూతురు. మేఫ్లవర్‌లో కూడా ఒక థామస్ రోజర్స్ ఉన్నాడు! ఇంకేముంది, ఇద్దరినీ కలిపేద్దామా? కలిపితే 1590లలో చచ్చిపోయినవాడు 1620లో ఓడ ఎక్కాడన్నమాట. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు. మన ఊళ్లలో వెంకటేశ్వర్లు ఎంతమంది? ఈ హాల్లోనే ముగ్గురు ఉండి ఉంటారు. ఉన్నారా? చూశారా!

తేదీల సంగతి ఒక్క నిమిషం. ఆ కాలంలో ఇంగ్లండులో కొత్త సంవత్సరం జనవరి 1న రాదు, మార్చి 25న వస్తుంది. 1752 దాకా అంతే. జాన్ హౌలాండ్ చనిపోయింది ఫిబ్రవరి 23. వాళ్ల లెక్కలో 1672, మన లెక్కలో 1673. అందుకే 1672/3 అని గీత పెట్టి రాస్తారు. ఉగాదికి సంవత్సరం మార్చుకునే మనకు ఇది వింతగా ఉండకూడదు, కానీ పట్టించుకోకపోతే తల్లి చనిపోయాక బిడ్డ పుట్టినట్టు వస్తుంది లెక్క.

మరి హెన్లో ఎలిజబెత్తూ ప్లిమత్ ఎలిజబెత్తూ ఒక్కరే అని గట్టిగా ఎలా నమ్మాలి? అందుకు ఆమె వీలునామా ఉంది. భర్త ఉండగా భార్య తన పేరున వీలునామా రాసే వీలు దాదాపు లేని చట్టం అది. భర్త పోయాకే స్త్రీ కాగితం మీద సొంతంగా నోరు విప్పుతుంది. ఎలిజబెత్ విధవరాలై, కొడుకు జేబెజ్ ప్లిమత్ ఇల్లు అమ్మి వెళ్లాక, స్వాన్సీలో కూతురు లిడియా ఇంటికి చేరింది. అక్కడ 1686 డిసెంబరు 17న వీలునామా రాయించింది. మొదట్లోనే తన వయసు చెప్పింది, డెబ్బై తొమ్మిది. 1607 ఆగస్టులో బాప్టిజం. 1686 డిసెంబరు. తీసివేయండి. సరిగ్గా డెబ్బై తొమ్మిది! సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు కాగితాలు, ఎనభై ఏళ్ల దూరంలో, ఒకదాన్ని చూసి ఒకటి తల ఊపాయి. నేను ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు రాత్రి పన్నెండు దాటింది. ఇంట్లో ఎవరినైనా లేపి చెబుదామనిపించింది. లేపలేదు, లేపితే ఏమంటారో తెలుసు కాబట్టి.

ఆ వీలునామాలో పొలం ఒక్కటే, జోసెఫ్ కొడుకు నథానియేల్‌కు. మిగతాది ఎక్కువగా ఇంటి సామానే. జాన్‌కు అయిదు పౌండ్లు, టిండేల్ రచనల పుస్తకం. ఇంగ్లీషు బైబిల్ కోసం పాటుపడి 1536లో చంపబడిన ఆ విలియం టిండేలే. జేబెజ్‌కు పెద్ద ఇనప కుండ, దాన్ని వేలాడదీసే కొక్కేలు, అతని ఇంట్లోనే ఉన్న ఈకల పరుపు. ఐజక్‌కు ఒక వ్యాఖ్యాన గ్రంథం, పెద్ద ఇత్తడి బిందె లాంటి పాత్ర. జోసెఫ్‌కు తూకం కోల. దాదాపు అందరికీ ఒక జత దుప్పట్లు. ఇద్దరు ముగ్గురికి అప్పటికే వాళ్ల దగ్గరున్న వస్తువునే రాసింది. ఎవరు ఏది ఎప్పుడో పట్టుకుపోయారో ఆవిడకు బాగా గుర్తుంది, తన జ్ఞాపకం చక్కగా ఉందని మొదట్లోనే రాయించుకుంది కూడా!

అందులో ఎవరు లేరో కూడా చదవాలి. పదిమంది పిల్లల్లో ఏడుగురి పేర్లే ఉన్నాయి. డిజైర్ లేదు, హోప్ లేదు, రూత్ లేదు. తల్లికి కోపమా? కాదు. డిజైర్ 1683లో పోయింది, కొన్ని నెలల తేడాలో హోప్ పోయింది, రూత్ అంతకు ముందే. బ్రాడ్‌ఫర్డ్ "పదిమందీ బతికే ఉన్నారు" అని రాసినప్పుడు అది అప్పటి నిజం. తల్లి వీలునామా రాసేటప్పటికి ముగ్గురు కూతుళ్లను సాగనంపింది.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా నాయనమ్మ పుట్టింటి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్నగారికీ తెలియదు, "అమ్మ" అంటే అమ్మే ఆయనకు. ఎన్నో ఏళ్లు ఆమె పేరు మీద కాగితాలు వెతికాను. ఒక్కటీ లేదు. చివరికి మా తాతగారు పొలం కొన్న దస్తావేజులో సాక్షి సంతకాల దగ్గర ఒక తెలియని పేరు కనబడింది. పక్క ఊరాయన. ఈయన సాక్షిగా ఎందుకు వచ్చాడు అని ఆరా తీస్తే, ఆయన మా నాయనమ్మకు అన్నగారు. బావగారి పొలం కొనుగోలుకు బండి కట్టించుకుని వచ్చాడు. ఆయన ఇంటిపేరే ఆమె పుట్టింటి పేరు. హెన్రీ శామ్సన్ లాంటివాడే మా ఇంటికీ ఒకడు దొరికాడన్నమాట.

ఇందాక చేతులు ఎత్తనివారు ఇంటికి వెళ్లి పాత దస్తావేజుల చివరి పేజీ చూడండి. ముందు పేజీలో మీ తాతగారే ఉంటారు, ఆయన ఎలాగూ తెలుసు.

ఎలిజబెత్ 1687 డిసెంబరులో పోయింది, ఎనభై ఏళ్లకు. సమాధి భర్త పక్కన లేదు. ప్లిమత్ గుట్ట మీద ఆమె కోసం వెతికితే దొరకదు. లిటిల్ నెక్ అనే చోట ఉంది, ఇప్పుడది రోడ్ ఐలండ్ రాష్ట్రంలోకి వస్తుంది. కూతురి ఊరు అది. ఆ కూతురు లిడియాకే మంచి ఈకల పరుపు, ఆకుపచ్చ కంబళి, చిన్న బైబిల్, చిన్న ఇత్తడి పాత్ర, హాలండులోని లైడెన్ నుంచి వీళ్లను సాగనంపి తాను ఓడ ఎక్కలేకపోయిన పాస్టర్ రాబిన్సన్ పుస్తకం రాసింది. దుప్పట్లు మిగతా పిల్లలకూ ఇచ్చింది కానీ, లిడియా దగ్గరికి వచ్చేసరికి "నా అన్నిటికన్నా మేలైన జత" అని రాయించింది.

టీ వచ్చేసిందంటున్నారు. ప్రశ్నలు అక్కడే అడుగుదురుగాని, రండి.